ఆర్కిబాల్డ్ గ్యారడ్

ఆర్కిబాల్డ్ ఎడ్వర్డ్ గ్యారడ్ (నవంబరు 25, 1857 - మార్చి 28, 1936) ఇంగ్లండుకు చెందిన వైద్యుడు, జీవరసాయన పరిశోధకుడు. శరీరంలో జరిగే రసాయనిక చర్యల వరుసలో ఒక మెట్టు పుట్టుకతోనే లోపించడం వలన కొన్ని రుగ్మతలు కలుగుతాయనీ, ఆ లోపం తల్లిదండ్రుల నుండి మెండెల్ సూత్రాల ప్రకారం సంక్రమిస్తుందనీ మొదటిసారిగా ప్రతిపాదించినవాడు గ్యారడ్. రూపురేఖలలో ఏ ఇద్దరు మనుషులూ ఒకేలా లేనట్లే, శరీర రసాయనంలో కూడా ఏ ఇద్దరూ ఒకేలా ఉండరని ఆయన 1902లోనే వ్రాశాడు. దీనికి ఆయన పెట్టిన పేరు "రసాయనిక వ్యక్తిత్వం". జన్యువుకు, ఎంజైముకు గల సంబంధాన్ని తెలిపిన అణు జీవశాస్త్రానికి, రక్తంలోను మూత్రంలోను ఉన్న వందలాది పదార్థాలను ఒకేసారి కొలిచే మెటబాలిక్ ప్రొఫైలింగ్ అనే పరిశోధనా విధానానికి గ్యారడ్ భావనలే తొలి పునాది అని చరిత్రకారులు భావిస్తారు. అయితే ఆయన జీవించి ఉన్న కాలంలో ఈ భావనలకు తగిన గుర్తింపు లభించలేదు.

కుటుంబం, విద్యాభ్యాసం

గ్యారడ్ లండన్ నగరంలో జన్మించాడు. తండ్రి సర్ ఆల్ఫ్రెడ్ బేరింగ్ గ్యారడ్ ప్రసిద్ధ వైద్యుడు. గౌట్ అనే కీళ్ళ జబ్బు ఉన్నవారి రక్తంలో యూరిక్ ఆమ్లం ఎక్కువగా ఉంటుందని 1848లో నిరూపించినది ఆయనే. రక్తం నుండి తీసిన సీరంలో కొద్దిగా ఆమ్లం కలిపి, అందులో ఒక నూలుపోగును ఉంచితే, దాని మీద యూరిక్ ఆమ్లపు స్ఫటికాలు పేరుకొనేవి. ఒక జబ్బును శరీర ద్రవాలలోని రసాయనిక పదార్థం ఆధారంగా గుర్తించే పద్ధతికి ఇది తొలి ఉదాహరణలలో ఒకటి. గ్యారడ్ అన్న ఆల్ఫ్రెడ్ హెన్రీ గ్యారడ్ జంతుశాస్త్రవేత్త. అతడు 1879లో చిన్న వయసులోనే మరణించాడు.

గ్యారడ్ మార్ల్‌బరో పాఠశాలలోను, తరువాత ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని క్రైస్ట్ చర్చ్ కళాశాలలోను చదివాడు. 1880లో ప్రకృతి శాస్త్రాలలో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు. లండన్‌లోని సెయింట్ బార్తోలోమ్యూస్ ఆసుపత్రిలో వైద్యవిద్య పూర్తిచేసి, కొంతకాలం వియన్నాలో శిక్షణ పొందాడు. స్వరపేటికను పరీక్షించే లారింగోస్కోపు అనే పరికరం గురించి 1886లో ఒక చిన్న పుస్తకాన్ని, కీళ్ళవాతం గురించి 1890లో ఒక పెద్ద గ్రంథాన్ని ప్రచురించాడు. 1886లో లారా ఎలిజబెత్ స్మిత్‌ను వివాహమాడాడు. వారికి ముగ్గురు కొడుకులు, ఒక కూతురు.

మూత్రంలోని రంగుల అధ్యయనం

1892లో గ్యారడ్ లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో సహాయ వైద్యుడుగా చేరాడు. ఆ దశాబ్దమంతా ఆయన మూత్రానికి రంగునిచ్చే పదార్థాల మీద పరిశోధన చేశాడు. ఇందులో కొంత భాగం ఫ్రెడరిక్ గౌలండ్ హాప్కిన్స్‌తో కలిసి చేసినది. ఈ హాప్కిన్స్ తరువాతి కాలంలో విటమినుల పరిశోధనకు గాను 1929లో నోబెల్ బహుమతి అందుకొన్నాడు.

గ్యారడ్ వాడిన ముఖ్యమైన సాధనం వర్ణపటదర్శిని. ఏ పదార్థం ఏ రంగు కాంతిని పీల్చుకొంటుందో ఈ పరికరం చూపుతుంది. దానిని బట్టి ద్రవంలో ఉన్న పదార్థమేదో గుర్తించవచ్చు. ఆనాటి వైద్యులు ఎక్కువమంది జబ్బును శరీర అవయవాలలో వెదికేవారు. సూక్ష్మజీవుల సిద్ధాంతం కొత్తగా బలపడుతున్న ఆ రోజులలో మరికొందరు ప్రతి జబ్బుకూ ఒక సూక్ష్మజీవిని వెదికేవారు. గ్యారడ్ మాత్రం మూత్రాన్ని శరీరంలోపలి రసాయనిక చర్యలు బయటకు పంపిన సమాచారంగా చూశాడు. ఈ దృష్టే ఆయనను ఆల్కాప్టన్యూరియా దగ్గరకు చేర్చింది.

ఆల్కాప్టన్యూరియా

ఆల్కాప్టన్యూరియా చాలా అరుదైన రుగ్మత. ఈ రుగ్మత ఉన్నవారి మూత్రం విసర్జించినప్పుడు మామూలు రంగులోనే ఉండి, గాలి తగిలి కొంతసేపు ఉంటే నల్లబడుతుంది. బట్టల మీద పడితే ముదురు మరక ఏర్పడుతుంది. ఈ పేరు 1859లో బోడెకర్ అనే జర్మన్ శాస్త్రవేత్త పెట్టినది. మూత్రాన్ని నల్లబరిచే పదార్థం హోమోజెంటిసిక్ ఆమ్లమని 1891లో వోల్కోవ్, బౌమన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కనుగొన్నారు.

ఈ ఆమ్లం ఎక్కడి నుండి వస్తుంది? మనం తినే పప్పు, పాలు, మాంసం వంటి ఆహారంలోని మాంసకృత్తులు జీర్ణమైనప్పుడు అమైనో ఆమ్లాలుగా విడిపోతాయి. వాటిలో ఫినైల్‌అలనిన్, టైరోసిన్ అనేవి రెండు. శరీరం వీటిని మెట్టు మెట్టుగా విడగొట్టుతుంది. ఆ దారి మధ్యలో ఏర్పడే పదార్థమే హోమోజెంటిసిక్ ఆమ్లం. ఆరోగ్యవంతులలో ఇది ఏర్పడిన వెంటనే తరువాతి మెట్టుకు వెళ్ళి విడిపోతుంది కనుక మూత్రంలో కనిపించదు. ఆల్కాప్టన్యూరియా ఉన్నవారిలో అది అక్కడే ఆగిపోయి, మూత్రంతో బయటకు వస్తుంది.

పంతొమ్మిదవ శతాబ్దపు చివరి సంవత్సరాలలో చాలామంది ఈ రుగ్మతను పేగులలోని సూక్ష్మజీవుల పనిగా భావించారు. గ్యారడ్‌కు ఈ వివరణ తృప్తి కలిగించలేదు. ఆల్కాప్టన్యూరియా ఉన్నవారిలో అది జీవితాంతం ఒకే తీరుగా ఉంటుంది. ఒకరి నుండి మరొకరికి అంటుకోదు. ఒక వ్యక్తిలో ఉన్నదా లేదా అన్నది స్పష్టంగా తెలుస్తుంది. కొద్దిగా ఉండటం అనేది లేదు. తల్లిదండ్రులు ఆరోగ్యవంతులై ఉండగానే అన్నదమ్ములలోను, అక్కచెల్లెళ్ళలోను ఒకరికి మించి కనిపిస్తుంది. అంటువ్యాధి లక్షణాలు ఇవి కావు.

యాభై రెండు గంటల పరిశీలన

గ్యారడ్ వద్దకు వచ్చిన పిల్లలలో ఆల్కాప్టన్యూరియా గల ఒక బాలుడు ఉండేవాడు. ఆ కుటుంబంలో 1901 మార్చి నెలలో ఐదవ బిడ్డ పుట్టింది. బిడ్డ పుట్టిన దగ్గర నుండి పొత్తిగుడ్డలను జాగ్రత్తగా గమనించే ఏర్పాటు జరిగింది. మొదట గుడ్డల మీద మరకలు లేవు. పుట్టిన 52 గంటలకు మొదటి ముదురు మరక కనిపించింది. అంటే, పాలు తాగడం మొదలుపెట్టి, వాటిలోని మాంసకృత్తులు శరీరంలో విడగొట్టబడగానే లోపం బయటపడిందన్నమాట. అది తరువాత సోకిన జబ్బు కాదనీ, పుట్టుకతో వచ్చినదనీ గ్యారడ్‌కు నమ్మకం కలిగింది.

ఆ బిడ్డ తల్లిదండ్రులు తోబుట్టువుల సంతానమని కూడా ఆయన తెలుసుకొన్నాడు. దీనితో ఇతర ఆల్కాప్టన్యూరియా కుటుంబాల వివరాలు సేకరించాడు. ఇంగ్లండులో దగ్గరి బంధువుల మధ్య వివాహాలు తక్కువ. అయినా ఈ రుగ్మత ఉన్న కుటుంబాలలో అటువంటి వివాహాలు ఎంతో ఎక్కువ నిష్పత్తిలో కనిపించాయి. ఇది యాదృచ్ఛికం కాదని గ్యారడ్ గ్రహించాడు. దగ్గరి బంధువుల వివాహమే జబ్బుకు కారణమని మాత్రం ఆయన చెప్పలేదు. తల్లిదండ్రులిద్దరిలోను బయటకు కనిపించని ఏదో ఒక లక్షణం దాగి ఉండి, అది బిడ్డలో కలిసినప్పుడు బయటపడుతున్నదని ఆయన ఊహ.

మెండెల్ సూత్రాలతో ముడి

బఠానీ మొక్కల మీద మెండెల్ చేసిన ప్రయోగాల ఫలితాలు 1866లో ప్రచురింపబడినా, 1900 వరకు మరుగున పడి ఉన్నాయి. ఆ సంవత్సరంలో అవి మళ్ళీ వెలుగులోకి వచ్చాక, ఇంగ్లండులో వాటికి విస్తృత ప్రచారం కల్పించినవాడు విలియం బేట్సన్. గ్యారడ్ పరిశీలనల గురించి తెలిసిన బేట్సన్, ఇది మెండెల్ చెప్పిన అంతర్గత లక్షణానికి సరిగ్గా సరిపోతుందని గుర్తించాడు. ఇద్దరి మధ్య ఉత్తరప్రత్యుత్తరాలు నడిచాయి.

అంతర్గత లక్షణమంటే రెండు కారకాలూ లోపభూయిష్టమైనవైనప్పుడే బయటపడేది. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి వస్తాయి. ఒకటి లోపంతో ఉండి రెండవది సరిగా ఉంటే, ఆ వ్యక్తి ఆరోగ్యంగానే ఉంటాడు. లోపాన్ని మోసుకొని మాత్రం తిరుగుతాడు. అటువంటివారు ఇద్దరు దంపతులైతే, ప్రతి కాన్పులోను బిడ్డకు రుగ్మత వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

దగ్గరి బంధువులకు ఉమ్మడి పూర్వీకులు ఉంటారు కనుక, ఒకే అరుదైన లోపం ఇద్దరిలోను దాగి ఉండే అవకాశం హెచ్చు. మేనమామ బిడ్డను గాని, మేనత్త బిడ్డను గాని చేసుకొనే మేనరికంలో దంపతుల జన్యువులు సగటున ఎనిమిదింట ఒక వంతు ఉమ్మడిగా ఉంటాయి. మేనమామ, మేనకోడలు వివాహమాడితే ఇది నాలుగింట ఒక వంతు. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలో తరతరాలుగా మేనరికాలు ఉన్నందున ఈ లెక్క తెలుగు పాఠకులకు కేవలం పుస్తకాల విషయం కాదు.

మెండెల్ అంతర్గత లక్షణంగా వివరింపబడిన మొట్టమొదటి మానవ రుగ్మత ఆల్కాప్టన్యూరియాయే.

రసాయనిక వ్యక్తిత్వం

1902 డిసెంబరు 13న లాన్సెట్ వైద్య పత్రికలో గ్యారడ్ వ్యాసం వెలువడింది. దాని పేరులోనే "రసాయనిక వ్యక్తిత్వం" అన్న మాట ఉంది. ఆల్కాప్టన్యూరియా ఒక్కదాని గురించి మాత్రమే అయితే ఈ వ్యాసానికి ఇంత ప్రాముఖ్యం ఉండేది కాదు. గ్యారడ్ అందులో మరొక అడుగు ముందుకు వేశాడు. ఒకే జాతికి చెందిన జీవులు ఆకారంలో స్వల్పంగా భేదించినట్లే రసాయనిక చర్యలలో కూడా భేదిస్తాయని ఆయన వాదించాడు. ఆల్కాప్టన్యూరియా వంటివి ఈ భేదాలలో కంటికి కనిపించేటంత పెద్దవి. కంటికి కనిపించని చిన్న భేదాలు అందరిలోను ఉండాలి. ఒకే మందు ఒకరికి పనిచేసి మరొకరికి పనిచేయకపోవడానికి, ఒకే సూక్ష్మజీవి ఒకరిని పడగొట్టి మరొకరిని విడిచిపెట్టడానికి ఇవి కారణం కావచ్చు.

రక్తంలోని గ్లూకోజును కొలవడం కూడా శ్రమతో కూడిన పని అయిన ఆ రోజులలో ఈ ఊహను పరీక్షించే మార్గం లేదు.

క్రూనియన్ ఉపన్యాసాలు

1908లో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో గ్యారడ్ క్రూనియన్ ఉపన్యాసాలు ఇచ్చాడు. ఇవి "పుట్టుకతో వచ్చే జీవక్రియా లోపాలు" అనే అర్థం వచ్చే పేరుతో 1909లో పుస్తకంగా వెలువడ్డాయి. ఇందులో నాలుగు రుగ్మతలను ఆయన ఒక గుంపుగా చేర్చాడు.

1. ఆల్కాప్టన్యూరియా - మూత్రం నల్లబడటం.
2. ఆల్బినిజం - చర్మానికి, జుట్టుకు, కళ్ళకు సహజమైన రంగు లేకపోవడం.
3. సిస్టిన్యూరియా - సిస్టిన్ అనే అమైనో ఆమ్లం మూత్రంలో అధికంగా పోయి, రాళ్ళు ఏర్పడటం.
4. పెంటోస్యూరియా - పెంటోజు అనే ఒక రకం చక్కెర మూత్రంలో పోవడం. ఇది హాని చేయదు గాని, మధుమేహమని పొరబడే అవకాశం ఉంది.

చూడటానికి ఈ నాలుగింటికీ పోలిక లేదు. అన్నింటిలోను శరీర రసాయనంలో ఒక మెట్టు అడ్డుపడిందని గ్యారడ్ వాదన. ఆల్కాప్టన్యూరియాలో హోమోజెంటిసిక్ ఆమ్లంలోని బెంజీన్ వలయాన్ని తెంచే ప్రత్యేకమైన ఎంజైము ఒకటి ఉండాలనీ, ఈ రుగ్మత ఉన్నవారిలో అది లోపించి ఉంటుందనీ ఆయన ప్రతిపాదించాడు. ఆరు సంవత్సరాల క్రితం వ్రాసిన వ్యాసంలో లేని స్పష్టత ఇది.

ఈ వాదనలో మరొక ప్రయోజనం కూడా ఉన్నది. కాలువలో నీరు ఎక్కడ ఆగిందో చూస్తే కాలువ దారి తెలిసినట్లు, రుగ్మతలో పేరుకొన్న పదార్థాన్ని చూసి ఆరోగ్యవంతుల శరీరంలో రసాయనిక చర్యల దారిని తెలుసుకోవచ్చు. అరుదైన జబ్బులను వింతలుగా చూసి పక్కన పెట్టరాదనీ, సామాన్య స్థితిని అర్థం చేసుకొనడానికి అవే మంచి మార్గమనీ గ్యారడ్ చివరి వరకు నమ్మాడు. 1928లో ఇచ్చిన ఒక ప్రసంగంలో ఆయన ఇదే విషయాన్ని చెబుతూ, రక్తప్రసరణను కనుగొన్న విలియం హార్వే కూడా పదిహేడవ శతాబ్దంలో ఇటువంటి అభిప్రాయాన్నే వెలిబుచ్చాడని గుర్తుచేశాడు.

1910లో గ్యారడ్ రాయల్ సొసైటీ సభ్యుడుగా ఎన్నికయ్యాడు. 1923లో పై పుస్తకం రెండవ ముద్రణ మరికొన్ని రుగ్మతల చేర్పుతో వెలువడింది.

యుద్ధకాలం, ఆక్స్‌ఫర్డ్ పదవి

మొదటి ప్రపంచ యుద్ధంలో గ్యారడ్ 1915 నుండి 1919 వరకు మాల్టా ద్వీపంలో బ్రిటిషు సైన్యానికి సలహా వైద్యుడుగా పనిచేశాడు. 1918లో ఆయనకు సర్ బిరుదు లభించింది. అదే కాలంలో ఆయన ముగ్గురు కొడుకులనూ పోగొట్టుకొన్నాడు. 1915లో ఒకరు, 1916లో మరొకరు యుద్ధంలో మరణించారు. మూడవ కుమారుడు యుద్ధం ముగిసిన తరువాత, 1919లో జర్మనీలోని కొలోన్ నగరంలో ఇన్‌ఫ్లుయెంజాతో మరణించాడు.

మిగిలిన ఏకైక సంతానం డొరొతీ గ్యారడ్ (1892 - 1968) పురావస్తు శాస్త్రాన్ని ఎంచుకొని, కార్మెల్ పర్వతం వద్ద జరిపిన త్రవ్వకాలతో పేరు గడించింది. 1939లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి పొందిన మొదటి మహిళ ఈమె.

1920లో గ్యారడ్ ఆక్స్‌ఫర్డ్‌లో వైద్యశాస్త్రపు రీజియస్ ప్రొఫెసర్ పదవిని స్వీకరించాడు. అంతకు ముందు ఆ పదవిలో ఉన్నవాడు సుప్రసిద్ధుడైన విలియం ఆస్లర్. 1927లో గ్యారడ్ పదవీ విరమణ చేశాడు. 1931లో ప్రచురించిన చివరి గ్రంథంలో, అరుదైన రుగ్మతల నుండి సాధారణ జబ్బుల వైపు తన ఆలోచనను విస్తరించాడు. ప్రతి మనిషికీ కొన్ని జబ్బుల పట్ల పుట్టుకతో ఒక మొగ్గు ఉంటుందనీ, దాని మూలం అతని శరీర రసాయనంలో ఉంటుందనీ ఆ గ్రంథ సారాంశం. 1936 మార్చి 28న ఆయన కేంబ్రిడ్జిలో మరణించాడు.

గుర్తింపు ఆలస్యం కావడానికి కారణాలు

గ్యారడ్ అజ్ఞాతంగా జీవించిన వ్యక్తి కాదు. దేశంలోనే ఉన్నతమైన వైద్య పదవులు నిర్వహించాడు. అయినా ఆయన ముఖ్య భావనను మూడు దశాబ్దాలకు పైగా ఎక్కువమంది పట్టించుకోలేదు. దీనికి కొన్ని కారణాలు చెప్పవచ్చు.

ఆయన ఎంచుకొన్న రుగ్మతలు చాలా అరుదైనవి. క్షయ, డిఫ్తీరియా వంటివి వేల ప్రాణాలు తీస్తున్న రోజులలో, మూత్రం నల్లబడే జబ్బు వైద్యులకు ఒక వింతగా మాత్రమే కనిపించింది. వైద్యులకు జన్యుశాస్త్రం తెలియదు. ఈగల రెక్కలు, మొక్కజొన్న గింజల రంగులు పరిశీలించే జన్యుశాస్త్రజ్ఞులకు మూత్ర పరీక్షలతో పరిచయం లేదు. జీవరసాయన శాస్త్రజ్ఞులకు ఈ రెండింటితోను పని పడలేదు. గ్యారడ్ ఆలోచన ఈ మూడు శాస్త్రాల కూడలిలో ఉండటం వలన మూడింటిలో దేనికీ సొంతం కాలేదు. పైగా, ఎంజైము అంటే ఏమిటో, జన్యువు దేనితో తయారైనదో ఆ రోజులలో ఎవరికీ తెలియదు.

అణు జీవశాస్త్రం ఇచ్చిన సాక్ష్యం

1941లో అమెరికాలో జార్జ్ బీడిల్, ఎడ్వర్డ్ టేటమ్ అనే శాస్త్రజ్ఞులు న్యూరోస్పోరా అనే రొట్టెబూజు మీద ప్రయోగాలు చేశారు. ఎక్స్-కిరణాలతో దాని జన్యువులలో మార్పులు కలిగించినప్పుడు, ఒక్కొక్క మార్పు వలన రసాయనిక చర్యల వరుసలో ఒక్కొక్క మెట్టు ఆగిపోవడం గమనించారు. ఇదే "ఒక జన్యువు - ఒక ఎంజైము" అనే సిద్ధాంతానికి దారి తీసింది. 1958లో వీరికి నోబెల్ బహుమతి లభించింది. తాము బూజులో చూసినదానిని గ్యారడ్ ఎన్నో ఏళ్ళ ముందే మనిషిలో చూశాడని బీడిల్ తన నోబెల్ ఉపన్యాసంలో అంగీకరించాడు.

అదే 1958లో బెర్ట్ లా డూ, ఆయన సహచరులు అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో చేసిన పరిశోధనలో, ఆల్కాప్టన్యూరియా ఉన్న వ్యక్తి కాలేయంలో హోమోజెంటిసిక్ ఆమ్లాన్ని విడగొట్టే ఎంజైము పనిచేయడం లేదని నేరుగా చూపారు. వరుసలోని మిగిలిన ఎంజైములు అన్నీ సక్రమంగా ఉన్నాయి. గ్యారడ్ చెప్పిన ఒక్క మెట్టే లోపించింది.

తరువాతి పని జన్యువును కనుగొనడం. స్పెయిన్ దేశపు పరిశోధకులు ముందుగా ఆస్పర్‌జిల్లస్ అనే బూజులో ఈ ఎంజైముకు సంబంధించిన జన్యువును పట్టుకొని, దాని సహాయంతో 1996లో మానవ జన్యువును కనుగొన్నారు. ఇది మూడవ క్రోమోజోము మీద ఉన్నది. ఆల్కాప్టన్యూరియా ఉన్నవారిలో ఈ జన్యువు రెండు ప్రతులలోను మార్పులు ఉన్నట్లు నిర్ధారణ అయింది. గ్యారడ్ పేర్కొన్న నాలుగు రుగ్మతలలో పెంటోస్యూరియాకు కారణమైన జన్యువు అన్నింటికంటె ఆలస్యంగా, 2011లో బయటపడింది.

గ్యారడ్ చెప్పినదంతా సరి కాలేదు. సిస్టిన్యూరియాలో కూడా రసాయనిక చర్య ఒకటి లోపించిందని ఆయన అనుకొన్నాడు. వడకట్టబడిన సిస్టిన్‌ను మూత్రపిండాలు తిరిగి రక్తంలోకి తీసుకోలేకపోవడమే అసలు కారణమని 1950వ దశకపు ఆరంభంలో డెంట్, రోజ్ అనే వైద్యులు చూపారు. లోపం రసాయనిక చర్యలో కాదు, రవాణాలో ఉన్నది. ఆల్కాప్టన్యూరియాను హాని లేని భేదంగా భావించడం కూడా సరి కాదు. పేరుకొన్న ఆమ్లం నుండి ఏర్పడే నల్లని పదార్థం ఏళ్ళ తరబడి మృదులాస్థిలో చేరి, నడివయసులో వెన్నెముకను, కీళ్ళను తీవ్రంగా దెబ్బతీస్తుంది.

మెటబాలిక్ ప్రొఫైలింగ్

గ్యారడ్ ఒకసారికి ఒక పదార్థాన్ని మాత్రమే వెదకగలిగేవాడు. శరీర ద్రవంలోని అనేక పదార్థాలను ఒకేసారి కొలిచి, ఆ కొలతలన్నింటినీ కలిపి ఒక వ్యక్తి జీవక్రియకు చిత్తరువుగా చూడటమే మెటబాలిక్ ప్రొఫైలింగ్. ఈ విధానం క్రమంగా రూపుదిద్దుకొన్నది.

అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన రోజర్ విలియమ్స్ 1951లో కాగితపు క్రొమటోగ్రఫీ సహాయంతో పలువురి మూత్రాన్ని, లాలాజలాన్ని పోల్చి, ప్రతి ఒక్కరికీ తమదైన తీరు ఉన్నదని చూపాడు. 1966లో టనకా, ఆయన సహచరులు వాయు క్రొమటోగ్రఫీని వాడి ఐసోవాలెరిక్ ఎసిడీమియా అనే కొత్త జీవక్రియా లోపాన్ని కనుగొన్నారు. 1971లో హ్యూస్టన్‌లో పనిచేస్తున్న హార్నింగ్ దంపతులు "మెటబాలిక్ ప్రొఫైల్" అనే మాటను ప్రచారంలోకి తెచ్చారు. అదే సంవత్సరం లైనస్ పౌలింగ్ బృందం మనిషి ఊపిరిలో సుమారు 250, మూత్రపు ఆవిరిలో సుమారు 280 పదార్థాలను వేరుచేసి చూపింది.

ఈ పనిలో రెండు పరికరాలు ముఖ్యమైనవి. క్రొమటోగ్రఫీ మిశ్రమంలోని పదార్థాలను ఒకదాని నుండి మరొకదానిని వేరుచేస్తుంది. మాస్ స్పెక్ట్రోమీటరు వేరైన అణువుల ద్రవ్యరాశిని కొలిచి, అవి ఏవో గుర్తించడానికి తోడ్పడుతుంది. 2011లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో ఐరోపాకు చెందిన 2,820 మంది రక్తంలో 250కి పైగా పదార్థాలను కొలిచి, వారి జన్యు భేదాలతో పోల్చారు. జీవక్రియలో భేదాలకు కారణమయ్యే 37 జన్యు స్థానాలు తేలాయి. ఆరోగ్యవంతులలో కూడా రసాయనిక భేదాలు ఉంటాయన్న 1902 నాటి ఊహకు ఇది అంకెలతో కూడిన ఆధారం.

పసిపిల్లల పరీక్షలు

గ్యారడ్ భావనకు అన్నింటికంటె గొప్ప ప్రయోజనం నవజాత శిశువుల పరీక్షలలో కనిపిస్తుంది. 1934లో నార్వే వైద్యుడు ఆస్‌బ్యోర్న్ ఫోలింగ్ ఫినైల్‌కీటోన్యూరియా అనే రుగ్మతను కనుగొన్నాడు. ఇది ఆల్కాప్టన్యూరియా ఉన్న దారిలోనే మరొక మెట్టు పైన ఏర్పడే అడ్డంకి. ఫినైల్‌అలనిన్ టైరోసిన్‌గా మారక రక్తంలో పేరుకొని, ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. 1950వ దశకంలో ఇంగ్లండులో హార్స్ట్ బికెల్, ఆయన సహచరులు ఫినైల్‌అలనిన్ తక్కువగా ఉండే ఆహారంతో ఈ నష్టాన్ని అదుపు చేయవచ్చని చూపారు. అయితే ఆ ఆహారం పుట్టిన కొద్ది రోజులలోనే మొదలుపెట్టాలి. లక్షణాలు కనిపించే సమయానికి మెదడుకు జరిగిన నష్టం తిరిగి రాదు.

1960వ దశకపు ఆరంభంలో అమెరికాకు చెందిన రాబర్ట్ గత్రీ, శిశువు మడమ నుండి తీసిన రక్తపు చుక్కను వడపోత కాగితం మీద ఆరబెట్టి పరీక్షించే సులువైన పద్ధతిని రూపొందించాడు. 1990వ దశకం నుండి టాండెం మాస్ స్పెక్ట్రోమీటరు వాడకంతో అదే ఎండిన రక్తపు చుక్క నుండి పదుల సంఖ్యలో జీవక్రియా లోపాలను ఒకేసారి పరీక్షించడం సాధ్యమైంది.

హైదరాబాదులోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో 18,300 మంది నవజాత శిశువులను పరీక్షించిన అధ్యయనం 2004లో ప్రచురితమైంది. పుట్టుకతో వచ్చే జీవక్రియా లోపాలు సుమారు వెయ్యి మంది శిశువులలో ఒకరికి ఉన్నట్లు అందులో తేలింది. ఒక్కొక్క రుగ్మతను విడిగా చూస్తే అరుదైనదే. అన్నింటినీ కలిపి చూస్తే అరుదు అనడానికి వీలులేదు.

ఆల్కాప్టన్యూరియాకు చికిత్స

గ్యారడ్ కాలంలో ఆల్కాప్టన్యూరియాకు చికిత్స లేదు. తరువాత వచ్చిన నిటిసినోన్ అనే మందు, మొదట కలుపు నివారిణుల పరిశోధనలో బయటపడిన పదార్థాల కోవకు చెందినది. ఇది లోపించిన ఎంజైమును తిరిగి ఇవ్వదు. వరుసలో దానికి పైనున్న ఎంజైమును ఆపి, హోమోజెంటిసిక్ ఆమ్లం అసలు ఏర్పడకుండా చేస్తుంది. 138 మంది మీద జరిపిన ఐరోపా పరీక్షలో మూత్రంలోని ఈ ఆమ్లం 99 శాతానికి పైగా తగ్గింది. ఆ ఫలితాలు వెలువడిన 2020లోనే ఐరోపా సమాఖ్యలో ఆల్కాప్టన్యూరియాకు ఈ మందును అనుమతించారు. మందు వాడినప్పుడు రక్తంలో టైరోసిన్ పెరుగుతుంది కనుక, మాంసకృత్తులు తగ్గించిన ఆహారం, కంటి పరీక్షలు అవసరమవుతాయి. ఏ మెట్టు దగ్గర ఆపాలో తెలిసి ఉండటం వలననే ఈ చికిత్స సాధ్యమైంది.

స్మరణ

గ్యారడ్ 1909 నాటి పుస్తకాన్ని 1963లో హ్యారీ హారిస్ అనుబంధ వ్యాసంతో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం పునర్ముద్రించింది. 1931 నాటి గ్రంథాన్ని 1989లో చార్లెస్ స్క్రైవర్, బార్టన్ చైల్డ్స్ వ్యాఖ్యానంతో తిరిగి వెలువరించారు. అలెగ్జాండర్ బేర్న్ వ్రాసిన గ్యారడ్ జీవితచరిత్ర 1993లో వెలువడింది. ఆయన 1909లో నాలుగు రుగ్మతలతో మొదలుపెట్టిన జాబితాలో ఇప్పుడు వెయ్యికి పైగా జీవక్రియా లోపాలు చేరాయి.